చెడ్డ సినిమా తీసే హక్కు

చెడ్డ సినిమాని చూసి నవ్వడం తప్పేమీ కాదు. ఈ మాట ముందే చెప్పి మొదలుపెడతాను. ఎందుకంటే స్త్రీవాదులు హాస్యం ఊసెత్తగానే "ఇదిగో, ఇక నవ్వడానికి కూడా వీల్లేదంటారు" అని నిట్టూర్చేవాళ్ళు మన చుట్టూ తక్కువేం లేరు. కోట్ల డాలర్లు పోసి, ప్రేక్షకులకు బుర్ర లేదని గట్టిగా నమ్మి తీసిన సినిమాని నవ్వి కడిగెయ్యడం కూడా విమర్శే. నాలుగు పేజీల సమీక్ష చెయ్యలేని పని కొన్నిసార్లు ఒక్క వెటకారపు మాట చేస్తుంది. నేను అడుగుతున్నది వేరే విషయం. ఆ నవ్వు ఎవరి మీద పడుతోంది? దానివల్ల నష్టపోతున్నది ఎవరు? సూపర్‌హీరో సినిమాల్ని ఎగతాళి చేసే అమెరికన్ హాస్యగాళ్ళ విషయంలో ఈ ప్రశ్న వెయ్యడానికి నాకు కారణాలున్నాయి. సినిమా పాఠం చెప్పే టీచర్‌గా కొన్ని, రాసుకునే ఆడమనిషిగా కొన్ని.

ముందు ఆ హాస్యం ఎలాంటిదో చూద్దాం. 1988లో మినియాపొలిస్‌లోని ఒక చిన్న టీవీ స్టేషన్‌లో 'మిస్టరీ సైన్స్ థియేటర్ 3000' అనే కార్యక్రమం మొదలైంది. తెర కింది భాగంలో కుర్చీల వరస ఉంటుంది. అందులో ఒక మనిషి, రెండు రోబో బొమ్మలు నీడల్లా కనిపిస్తుంటారు. ఏదో ఒక నాసిరకం పాత సినిమా నడుస్తూ ఉంటుంది. మన టూరింగ్ టాకీసులో నేల టికెట్టు వాళ్ళు చేసినట్టే వీళ్ళు ప్రతి డైలాగుకీ ఒక మాట తగిలిస్తుంటారు. 1998లో వాళ్ళు 'ప్యూమా మ్యాన్' అనే 1980 నాటి ఇటాలియన్ సూపర్‌హీరో సినిమాని పట్టుకున్నారు. అందులో హీరో లండన్ ఆకాశంలో ఎగరాలి. ఆ ఎగరడం ఎలా ఉంటుందంటే, ఎవరో నడుం పట్టుకుని పైకెత్తితే చేతులూ కాళ్ళూ ఆడించే పసివాడిలా ఉంటుంది. పైగా నీకు శక్తులున్నాయి నాయనా అని అతనికి నచ్చజెప్పేదీ, ధైర్యం నూరిపోసేదీ, అసలు పని చాలావరకు చేసిపెట్టేదీ పక్కనున్న ఆజ్టెక్ పూజారి. పేరు తెల్ల హీరోది, చాకిరీ మూలవాసిది. ఈ ఎపిసోడ్‌ని నేను తరగతిలో చూపించాను. పిల్లలు పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వులో ఎవరికీ అన్యాయం జరగలేదు. లోకాన్ని రక్షించడానికి పుట్టానని చెప్పుకునే మగవాడి డాబు మాత్రమే కాస్త చిరిగింది.

మనకి ఇలాంటి నవ్వు కొత్తేమీ కాదు. మన పెళ్ళిళ్ళలో ఆడపెళ్ళివారి తరఫు ఆడవాళ్ళు వియ్యపురాలి మీద, మగపెళ్ళివారి ఆర్భాటం మీద పాటలు కట్టి పాడేవాళ్ళు. ఆ పాటల్లో వెటకారం కారంలా ఉంటుంది. కానీ అది ఎటువైపు వెళుతుంది? కట్నం పుచ్చుకున్న వైపు వెళుతుంది. లాంఛనాలు తగ్గాయని అలిగే వైపు వెళుతుంది. మర్నాటి నుంచి తమ పిల్ల మీద పెత్తనం చెయ్యబోయే వైపు వెళుతుంది. ఆ పూటకి నోరున్నది అక్కడ ఆడవాళ్ళకే. ఆ నోరుని పెద్దరికం మీదికి ఎక్కుపెట్టారు.

ఇప్పుడు హీరో స్థానంలో ఆడమనిషిని పెట్టి చూడండి. నవ్వు దారి ఎలా మారుతుందో తెలుస్తుంది.

2004లో వార్నర్ బ్రదర్స్ 'క్యాట్‌వుమన్' విడుదల చేసింది. హాలీ బెరీ కథానాయిక. సుమారు 100 మిలియన్ డాలర్లు ఖర్చుపెట్టిన సినిమా, ప్రపంచం మొత్తం మీద వసూళ్ళు అంతకన్నా తక్కువే. అది చెడ్డ సినిమా. ఆ విషయంలో నాకెవరితోనూ పేచీ లేదు. గ్రాఫిక్స్ పిల్లి గెంతులు, చిరిగిన తోలు దుస్తులు, కారణం తెలియని బాస్కెట్‌బాల్ సన్నివేశం. హాస్యగాళ్ళకి విస్తరి నిండా వడ్డించినట్టే. అయితే ఈ సినిమా తీసిందెవరు? దర్శకుడు పిటాఫ్, గ్రాఫిక్స్ రంగం నుంచి వచ్చిన ఫ్రెంచి మగవాడు. కథ క్రెడిట్‌లో నాటక రచయిత్రి థెరెసా రెబెక్ పేరుంది కానీ, స్క్రీన్‌ప్లే క్రెడిట్‌లో ఉన్న ముగ్గురూ మగవాళ్ళే. డబ్బు స్టూడియోది. మరి ఇరవై ఏళ్ళుగా ఆ సినిమా పేరెత్తగానే ఎవరి మొహం గుర్తొస్తోంది? ఆ ముగ్గురు రచయితల పేర్లు ఈ వ్యాసం చదువుతున్నవాళ్ళలో ఎందరికి తెలుసు? వాళ్ళలో ఒకరు, జాన్ రోజర్స్, 2018లో తానే బయటికొచ్చి అది దిక్కుమాలిన సినిమా అనీ, స్టూడియో దాన్ని అలా వదిలించుకుందనీ నిర్మొహమాటంగా చెప్పేశాడు. లోకం చప్పట్లు కొట్టింది. తన తప్పుని తాను వెక్కిరించుకుంటే మగవాడికి పెద్దమనిషి అనే పేరు వస్తుంది.

హాలీ బెరీ కూడా తన తప్పు కానిదాన్ని తానే వెక్కిరించుకోవలసి వచ్చింది. హాలీవుడ్‌లో ఏటా ఆస్కార్‌కి ముందు అతి చెడ్డ సినిమాలకి 'రాజీ' అనే వెక్కిరింపు బహుమతులు ఇస్తారు. 1981లో మొదలైన ఆనవాయితీ ఇది. 2005లో 'క్యాట్‌వుమన్'కి అతి చెడ్డ చిత్రం, దర్శకుడు, స్క్రీన్‌ప్లే, నటి, నాలుగూ వచ్చాయి. సాధారణంగా ఆ బహుమతి తీసుకోవడానికి ఎవరూ రారు. హాలీ బెరీ వచ్చింది. ఒక చేతిలో రాజీ, ఇంకో చేతిలో తన ఆస్కార్ పట్టుకుని నిలబడింది. 2002లో ఆస్కార్ అందుకున్నప్పుడు తాను ఏడ్చిన ఏడుపునే అనుకరించి చూపించింది. తనని ఈ సినిమాలో పెట్టినందుకు వార్నర్ బ్రదర్స్‌కి వెటకారంగా కృతజ్ఞతలు చెప్పింది. సభ లేచి నిలబడి హర్షించింది. ఇప్పటికీ ఆ ప్రసంగాన్ని హుందాతనానికి ఉదాహరణగా చూపిస్తారు.

ఆమె ధైర్యం గొప్పదే. కానీ అక్కడ ఏం జరిగిందో కొంచెం నిదానంగా చూడండి. ఉత్తమ నటిగా ఆస్కార్ అందుకున్న మొట్టమొదటి నల్లజాతి స్త్రీ ఆమె. 2002 నాటి ఆ కన్నీళ్ళు ఆమె ఒక్కదానివి కావు. తనకి ముందు వచ్చి, తలుపు దగ్గరే ఆగిపోయిన నల్లజాతి నటీమణులందరి తరఫునా ఆమె ఏడ్చింది. మూడేళ్ళు తిరగకుండా ఆ ఏడుపునే జోకుగా మార్చి సభకి వడ్డిస్తే గానీ ఆమెకి క్షమాపణ దొరకలేదు. ఏ తప్పుకి క్షమాపణ? ఎవరో రాసిన మాటల్ని, ఎవరో కుట్టిన దుస్తుల్లో, ఎవరో చెప్పినట్టు పలికినందుకు. అంత గొప్ప ఘట్టాన్ని కూడా వెక్కిరింపుకి ముడిసరుకు చేసుకోవలసి రావడాన్ని హుందాతనం అని మాత్రమే పిలిచి ఊరుకోవడం నాకు చేతకాదు.

"మగ హీరోల్నీ ఇలాగే నవ్వుతారు కదా" అనే ప్రశ్న వస్తుందని తెలుసు. నవ్వుతారు. తర్వాత ఏమవుతుందో చూద్దాం. 1997లో వచ్చిన 'బ్యాట్‌మన్ అండ్ రాబిన్' మీద జోకులు వెయ్యని హాస్యగాడు లేడు. అందులో బ్యాట్‌మన్ వేసిన జార్జ్ క్లూనీ ఏళ్ళ తరబడి తానే దాన్ని వెక్కిరించుకుంటూ, దర్శకుడై, ఆస్కార్లు కూడా అందుకున్నాడు. ఎనిమిదేళ్ళు గడిచేసరికి, 2005లో, కొత్త నటుడితో, కొత్త దర్శకుడితో బ్యాట్‌మన్ మళ్ళీ మొదలైంది. 2003లో 'డేర్‌డెవిల్' వచ్చింది. బెన్ అఫ్లెక్‌కి అతి చెడ్డ నటుడి రాజీ ఇచ్చిన సినిమాల్లో అదొకటి. 2016 నాటికి అదే అఫ్లెక్‌ని బ్యాట్‌మన్‌ని చేశారు. 2011లో సుమారు 200 మిలియన్ డాలర్ల 'గ్రీన్ లాంటర్న్' కుప్పకూలింది. దాని హీరో ర్యాన్ రేనాల్డ్స్ 2016లో 'డెడ్‌పూల్' అయ్యాడు. 2018లో దాని రెండో భాగం చివర డెడ్‌పూల్ కాలంలో వెనక్కి వెళ్ళి, 'గ్రీన్ లాంటర్న్' స్క్రిప్టు చదువుతున్న రేనాల్డ్స్‌ని కాల్చేస్తాడు. హాలు హాలంతా నవ్వింది. చెడ్డ సినిమా అతనికి జోకయింది, జోకు పెట్టుబడి అయింది, పెట్టుబడి లాభాలు తెచ్చింది.

అదే 'డేర్‌డెవిల్'లో ఎలెక్ట్రా పాత్ర వేసిన జెన్నిఫర్ గార్నర్‌తో 2005లో 'ఎలెక్ట్రా' తీశారు. అదీ చెడ్డ సినిమాయే. ఎలెక్ట్రాగా గార్నర్ మళ్ళీ వెండితెర మీద కనిపించింది 2024లో, 'డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్'లో, రేనాల్డ్స్ సినిమాలో అతిథిగా కాసేపు. మునిగిన మగవాళ్ళలో ఒకడు బ్యాట్‌మన్ అయ్యాడు, ఇంకొకడు డెడ్‌పూల్ అయ్యాడు. వాళ్ళతోపాటు మునిగిన స్త్రీకి పందొమ్మిదేళ్ళ తర్వాత ఆ డెడ్‌పూల్ ఇంట్లో ఒక కుర్చీ వేశారు.

ఇది యాదృచ్ఛికం అనేవాళ్ళ కోసం ఒక ఉత్తరం ఉంది. 2014 ఆగస్టులో మార్వెల్ సంస్థ అధిపతి ఐక్ పెర్ల్‌మటర్ సోనీ అధిపతి మైకేల్ లింటన్‌కి ఒక ఈమెయిల్ రాశాడు. ఆ ఏడాది చివర సోనీ కంప్యూటర్లలోకి దొంగలు చొరబడటం వల్ల అది బయటపడి, 2015లో అందరూ చదివారు. దాని శీర్షిక 'ఫిమేల్ మూవీస్'. ఆడ సినిమాలు! అందులో మూడు పేర్లు. 'ఎలెక్ట్రా', 'క్యాట్‌వుమన్', 1984 నాటి 'సూపర్‌గర్ల్'. ఒక్కొక్కటీ ఎంత ఘోరంగా పోయిందో రెండేసి ముక్కలు రాశాడు. అంతే, ఉత్తరం అయిపోయింది. ముప్ఫయ్యేళ్ళ సరుకులోంచి ఏరి, ఆడవాళ్ళతో ఎందుకు సినిమాలు తియ్యకూడదో నిరూపించేశాననుకున్నాడు. తమాషా ఏమిటంటే ఆ మూడు 'ఆడ సినిమా'ల దర్శకులూ మగవాళ్ళే. పిటాఫ్, రాబ్ బౌమన్, జానో స్వార్క్. అవి మగవాళ్ళు తీసిన చెడ్డ సినిమాలు. వాటి అప్పు మాత్రం ఆడవాళ్ళ ఖాతాలో రాసుకున్నారు.

ఆ అప్పు ఎలా వసూలయిందో చూడండి. 'ఎలెక్ట్రా' తర్వాత పెద్ద స్టూడియో ఒక స్త్రీని ముందు పెట్టి సూపర్‌హీరో సినిమా తియ్యడానికి 2017 దాకా, ప్యాటీ జెంకిన్స్ 'వండర్ వుమన్' దాకా, పన్నెండేళ్ళు పట్టింది. అది 800 మిలియన్ డాలర్లు దాటింది. మార్వెల్ స్టూడియోస్ 2008లో 'ఐరన్ మ్యాన్'తో మొదలుపెట్టి, వరసగా ఇరవై సినిమాలు తీశాక, ఇరవై ఒకటోదిగా 2019లో 'కెప్టెన్ మార్వెల్' తీసింది. అది వంద కోట్ల డాలర్లు దాటింది. 2010లోనే తెరమీదికి వచ్చిన బ్లాక్ విడోకి సొంత సినిమా 2021లో గానీ రాలేదు. ఒక చెడ్డ మగ సినిమాకి ఆ మగవాడు జవాబు చెబితే చాలు. ఒక చెడ్డ ఆడ సినిమాకి ఆడజాతి మొత్తం జవాబు చెప్పాలి.

ఈ లెక్క మనకి బాగా తెలిసిందే. మన తెలుగు సినిమా వ్యాపారంలో 'లేడీ ఓరియెంటెడ్' అనే మాట ఒకటుంది. 'జెంట్స్ ఓరియెంటెడ్' అనే మాట ఎప్పుడైనా విన్నారా? మగవాడిది సినిమా, ఆడదానిది 'ఓరియెంటెడ్' సినిమా. 1990లో విజయశాంతి 'కర్తవ్యం' విజయం సాధించి జాతీయ అవార్డు తెచ్చినా, 2009లో 'అరుంధతి' హాళ్ళు నింపినా, అవి మినహాయింపుల కిందే లెక్క. ఒక్కటి పోయిందా, "మేం ముందే చెప్పాం, లేడీ ఓరియెంటెడ్ ఆడవు" అంటారు. పెర్ల్‌మటర్ ఉత్తరాన్ని తెలుగులోకి అనువదించనక్కర్లేదు. అది మన దగ్గర ఎప్పటినుంచో వాడుకలో ఉంది.

హాస్యగాళ్ళు ఈ ఉత్తరం రాయలేదు కదా, వాళ్ళనెందుకు అనడం అని అడగొచ్చు. రాయలేదు. కానీ ఇలాంటి ఉత్తరానికి కావలసిన గాలి వాళ్ళ దగ్గర పుడుతుంది. ఒక పేరు పలకగానే నవ్వొచ్చేట్టు చెయ్యగలిగితే, ఆ పేరు గురించి వాదించాల్సిన అవసరం ఉండదు. 'క్యాట్‌వుమన్' అన్న మాట ఇరవై ఏళ్ళు అలా పనిచేసింది. సమావేశం గదిలో ఎవరో ఒక స్త్రీ కథ పట్టుకొస్తే కాదనడానికి కారణాలు వెతుక్కోనక్కర్లేదు. ఆ పేరు అంటే చాలు, అందరూ నవ్వుతారు, కథ పక్కకి పోతుంది. అలా నవ్వి పక్కకి పెట్టే గదులు మనలో చాలామంది చూసే ఉంటాం.

కొత్త ఉదాహరణ 2024 ఫిబ్రవరిలో వచ్చిన 'మేడమ్ వెబ్'. ఈసారి దర్శకురాలు స్త్రీయే, ఎస్.జె. క్లార్క్‌సన్. సినిమా విడుదలకి మూడు నెలల ముందే, ట్రైలర్‌లో డకోటా జాన్సన్ చెప్పిన ఒకే ఒక్క వాక్యం మీద ప్రపంచం విరగబడి నవ్వింది. అమెజాన్ అడవుల్లో సాలీళ్ళ మీద పరిశోధన చేస్తూ చనిపోయిన తన తల్లి గురించి ఊపిరి తీసుకోకుండా చెప్పే వాక్యం అది. ఆఖరికి సినిమాలో ఆ వాక్యమే లేదు! 2025లో ఈ సినిమాకి అతి చెడ్డ చిత్రం, నటి, స్క్రీన్‌ప్లే రాజీలు వచ్చాయి.

ఆ స్క్రీన్‌ప్లే రాసింది నలుగురు. ఇద్దరు స్త్రీలు, దర్శకురాలు, క్లెయిర్ పార్కర్. ఇద్దరు మగవాళ్ళు, మ్యాట్ సజామా, బర్క్ షార్ప్‌లెస్. ఈ మగ జంట చరిత్ర చెప్పుకోదగ్గది. 2014లో 'డ్రాక్యులా అన్‌టోల్డ్', 2015లో 'ద లాస్ట్ విచ్ హంటర్', 2016లో 'గాడ్స్ ఆఫ్ ఈజిప్ట్', 2022లో 'మార్బియస్'. విమర్శకులు ఒక్కదాన్నీ బతకనివ్వలేదు. 'మార్బియస్'ని జనం ఎంత వెక్కిరించారంటే, ఆ వెక్కిరింపుని ఆదరణ అనుకుని సోనీ దాన్ని మళ్ళీ హాళ్ళలోకి వదిలి రెండోసారి భంగపడింది. అంత జరిగాక కూడా తర్వాతి సినిమాకి ఆ ఇద్దరి పేర్లే కనిపించాయి. వాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళని చూస్తే అసూయగా ఉంది. పదేళ్ళలో అయిదుసార్లు పడి, ప్రతిసారీ మళ్ళీ పిలుపు అందుకునే రచయిత్రి ఎవరైనా మీకు తెలుసా? పడటం ఒక హోదా అని, అది అందరికీ దొరకదని ఆ ఇద్దర్నీ చూస్తే అర్థమవుతుంది.

ఇంతవరకూ బయటివాళ్ళతో పోట్లాట. ఇప్పుడు మన ఇంటి సంగతి. అసలు ఈ వ్యాసం రాస్తున్నది దీనికోసమే.

కొన్నేళ్ళ క్రితం స్త్రీల రచనలతో వచ్చిన ఒక సంకలనం మీద సభ జరిగింది. పుస్తకం బాగా రాలేదు. ఎంపికలో శ్రద్ధ లేదు, అచ్చుతప్పులు సరేసరి, సగం రచనలు ఒకే మూసలో ఉన్నాయి. వేదిక మీద ఒక పెద్ద విమర్శకుడు రెండు వాక్యాలు చదివి వినిపించి, మూడో వాక్యంలో మొత్తం స్త్రీల సాహిత్యం ఇంతేనన్నట్టు ఒక చమత్కారం విసిరాడు. హాలు నవ్వింది. వరసగా కూర్చున్న మేం ఆరేడుగురం రచయిత్రులం నవ్వలేదు. మాట్లాడనూ లేదు. మా వంతు వచ్చినప్పుడు ఒకరి తర్వాత ఒకరం లేచి ఆ పుస్తకాన్ని మెచ్చుకున్నాం. అందులో లోపాలున్నాయని మాలో ప్రతి ఒక్కరికీ తెలుసు. టీ తాగుతున్నప్పుడు గుసగుసగా చెప్పుకున్నాం కూడా. బయటికి మాత్రం ఒక్కరూ అనలేదు. అంటే ఆ పెద్దమనిషి పక్కన నిలబడినట్టవుతుందని భయం.

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. స్త్రీవాద కవిత్వం వచ్చిన కొత్తలో దానికి 'నీలి కవిత్వం' అని పేరుపెట్టి నవ్విన రోజులు మనకి గుర్తే. 1993లో ఓల్గా సంపాదకత్వంలో వచ్చిన సంకలనానికి 'నీలిమేఘాలు' అనే పేరు పెట్టుకోగలగడం ఆ నవ్వుకి తిరుగులేని జవాబు. వాళ్ళు తిట్టుగా వాడిన రంగుని తీసుకుని ఆకాశానికి పూశారు. ఆ జవాబు తెగువ మనకి గర్వకారణంగా మిగిలింది. కానీ ఆ తర్వాత మనలో చాలామందికి జవాబు చెప్పడం కన్నా కాపలా కాయడం అలవాటైపోయింది. స్త్రీ రాసిందంటే ఒక మాట అనకూడదు, స్త్రీ తీసిందంటే ఒక లోపం ఎత్తకూడదు. పైకి అది సంఘీభావంలా ఉంటుంది. లోపల మాత్రం, మనలో ఒకరు పడితే అందరం పడినట్టే అనే వాళ్ళ లెక్కనే మనం ఒప్పుకుంటున్నాం. పెర్ల్‌మటర్ 'ఆడ సినిమాలు' అని ఒక మూట కట్టాడు. ఆ మూటని నెత్తిన పెట్టుకుని మోస్తున్నది మనమే.

అందుకే అంటున్నాను. చెడ్డ ఆడ సినిమాల మీద నవ్వే పనిని మగ హాస్యగాళ్ళకి వదిలెయ్యకండి. వాళ్ళకి అది సరిగా చేతకావడం లేదు. మాటకి, 'మిస్టరీ సైన్స్ థియేటర్' రాసే బృందంలో 1990లలోనే మేరీ జో పెల్, బ్రిడ్జెట్ జోన్స్ లాంటి స్త్రీలున్నారు. జోకులు వాళ్ళూ రాశారు. కానీ తెరముందు ఆ కుర్చీల్లో ముఖ్యమైనదాంట్లో ఒక స్త్రీ, ఎమిలీ మార్ష్, కూర్చోవడానికి 2022 సీజన్ దాకా పట్టింది. నవ్వించడం ఆడవాళ్ళకి రాదనే మాట మనమూ వింటూనే ఉంటాం, భానుమతి 'అత్తగారి కథలు' చదివిన ఇళ్ళలో కూర్చుని మరీ.

మనం నవ్వితే ఎలా ఉంటుందో చూడండి. 'క్యాట్‌వుమన్'లో నాయిక ఒక సౌందర్య సాధనాల కంపెనీలో పనిచేస్తుంది. ఆ కంపెనీ ముడతలు పోగొట్టే క్రీము ఒకటి తయారు చేస్తుంది. అది ఆడవాళ్ళ మొహాల్ని పాడుచేస్తుంది. ఆ రహస్యం విన్నందుకు నాయికని చంపేస్తారు. ఎంత మంచి కథ! ఆడవాళ్ళ అభద్రత మీద బతికే వ్యాపారం మీద ఒక సూపర్‌హీరో యుద్ధం ప్రకటించడం అంతకుముందు ఎవరు చేశారు? తీరా ఆమె బతికి లేచి, స్వేచ్ఛ పొందాక ఏం చేస్తుంది? జుట్టు కత్తిరించుకుని, తోలు బ్రా తొడుక్కుని, కొరడా పట్టుకుంటుంది. శత్రువు ఎవరంటే ఆ క్రీము రాసుకుని రాసుకుని వయసైపోయిన మోడల్. కంపెనీ యజమానిని ఆ మోడలే చంపుతుంది. అంటే క్రీము అమ్ముకుని లాభం చేసుకున్నవాడు పక్కకి తప్పుకుంటాడు, ఇద్దరు ఆడవాళ్ళు జుట్టూ జుట్టూ పట్టుకుంటారు. నవ్వాల్సింది ఇక్కడ. పిల్లి గెంతుల దగ్గరే ఆగిపోయిన హాస్యగాళ్ళు ఈ జోకుని చూడనేలేదు.

'మేడమ్ వెబ్' ఇంకా బాగుంటుంది. నలుగురు ఆడవాళ్ళ సూపర్‌హీరో సినిమా అని చెప్పారు. అందులో ముగ్గురు అమ్మాయిలు ఆ ప్రత్యేక దుస్తులు వేసుకుని కనిపించేది భవిష్యత్తు గురించి వచ్చే దృశ్యాల్లో మాత్రమే. శక్తులు రేపు వస్తాయి, ఇవాళ్టికి పరుగెత్తండి అన్నమాట. ఆడవాళ్ళకి ఇచ్చే వాగ్దానాలన్నీ ఇంతే కదా, ఎప్పుడూ రేపే! చివర నాయికకి చూపు పోతుంది, చక్రాల కుర్చీ వస్తుంది. ఇంతకీ సినిమాలో అందరూ ఎదురుచూసేది ఎవరి కోసం? ఒక మగబిడ్డ కోసం. పక్క పాత్రకి పురుడు వస్తుంది, స్పైడర్‌మ్యాన్ కాబోయేవాడు పుడతాడు. నలుగురు ఆడవాళ్ళు కష్టపడి పరుగెత్తిన సినిమాలో అసలు కథానాయకుడు ఉయ్యాల్లో ఉన్నాడు. పేరు కూడా చెప్పరు, అందరికీ తెలుసు కదా అని. ఇక ఆ ట్రైలర్ వాక్యం సంగతి. నిండు గర్భంతో అమెజాన్ అడవికి వెళ్ళి పరిశోధన చేసిన శాస్త్రవేత్త అయిన తల్లి కథని అరవాక్యంలో కుక్కి, ఆవిడని చంపేసి ముందుకెళ్ళిపోయారు. నటి ఉచ్చారణ కాదు నవ్వు తెప్పించాల్సింది. ఒక శాస్త్రవేత్త జీవితానికి సినిమా ఇచ్చిన చోటు అరవాక్యం కావడం.

ఇలా నవ్వితే రెండు పనులు జరుగుతాయి. నవ్వు అసలు బాధ్యుల దగ్గరికి చేరుతుంది. సినిమా చెడ్డదని చెప్పే హక్కు మనకీ మిగులుతుంది. మనం చెడ్డని చెడ్డ అని చెప్పగలిగినప్పుడే, మంచిదని చెప్పిన మాటకి విలువ ఉంటుంది. ఆ సభలో మేం మెచ్చుకున్న మెచ్చుకోలుకి ఆ పుస్తకం సంపాదకురాలు ఏం నేర్చుకుని ఉంటుంది? ఆమెకి కావలసింది ఆ పెద్దమనిషి చమత్కారం కాదు, మా దొంగ పొగడ్తా కాదు. ఈ కథ ఎందుకు తీసుకున్నావమ్మా, ఇది ఇంకోసారి తిరగరాయించాల్సింది అని చెప్పే తోటి రచయిత్రి.

నేను కోరుతున్నది మంచి సినిమాలు తీసే అవకాశం మాత్రమే కాదు. దాన్ని ఎలాగూ అందరూ కోరతారు. ఆడవాళ్ళకి చెడ్డ సినిమాలు తీసే హక్కు కావాలి. చెడ్డ కవిత రాసి, చెడ్డ సంకలనం వేసి, నవ్వించుకుని, మర్నాడు మళ్ళీ పనిలో కూర్చునే హక్కు కావాలి. ఒకామె పడితే ఆమె ఒక్కతే పడాలి, లేవడానికి ఇంకో అవకాశం ఉండాలి. ఆమె వెనుక క్యూలో నిలబడ్డ వాళ్ళని ఇంటికి పంపెయ్యకూడదు. ఆ హక్కు హాస్యగాళ్ళు ఇస్తే వచ్చేది కాదు, స్టూడియోలు ఇస్తే వచ్చేది అంతకన్నా కాదు. ముందు మనం ఒకరికొకరం ఇచ్చుకోవాలి. ఈసారి ఎవరైనా ఒక స్త్రీ చెడ్డ పుస్తకం మీద సభ పెడితే వెళదాం. ముందు వరసలో కూర్చుందాం. బాగా లేదని గట్టిగా చెబుదాం, ఎందుకు బాగా లేదో విడమరచి చెబుదాం, నవ్వొస్తే నవ్వుదాం. వేదిక మీద నుంచి ఎవరైనా "ఆడవాళ్ళ రచనలే అంత" అని మొదలుపెడితే మాత్రం, అక్కడే ఆపి, మగవాళ్ళ చెడ్డ పుస్తకాల జాబితా చదవడం మొదలుపెడదాం. సభ తెల్లవారేదాకా జరుగుతుంది.